సర్వీసుకిచ్చిన కారుకు వెంకటాచలం టోల్‌గేటు దగ్గరేం పని?

ప్రశ్న: అన్నా, మాది కావలి. నాకు నాలుగో ఏడు నడుస్తున్న కారుంది, నేను తప్ప ఎవరూ నడపరు. మొన్న గురువారం నెల్లూరులో షోరూమ్‌లో సర్వీసుకిచ్చాను, ఏసీ చల్లబడటం లేదని కూడా చెప్పాను. సాయంత్రానికి ఇస్తామన్నవాళ్లు ఫోన్ చేసి, పార్టు రావాలి రేపు రండి అన్నారు. శుక్రవారం వెళితే ఎడమవైపు వెనక డోరు, దాన్ని ఆనుకుని వెనక చక్రం మీద ఉండే రేకు లోపలికి పోయి ఉన్నాయి, గీతలు కూడా పడ్డాయి. అడ్వైజరేమో రోడ్ టెస్టులో ఆటో రాసుకుందన్నాడు, సూపర్‌వైజరేమో వాషింగ్ దగ్గర రివర్స్ చేస్తుంటే స్తంభం తగిలిందన్నాడు. "మీ ఇన్సూరెన్సులో పెట్టి చేసేస్తాం, మీకు పైసా ఖర్చుండదు, వచ్చే సర్వీసు కూడా ఫ్రీ, ఈ ఫారం మీద సంతకం పెట్టండి" అంటున్నారు. కారు అప్పగించినప్పుడు రాసిచ్చిన జాబ్ కార్డు వెనక 'వాహనం యజమాని రిస్కు మీదే' అని అచ్చేసింది కూడా చూపించారు. ఇచ్చేటప్పుడు నేను ఫొటోలు తీసుకోలేదు. ఒక ట్రైనీ కుర్రాడు గేటు దాకా వెంటొచ్చి, కంప్లయింట్ ఇస్తే నా జీతంలో కోస్తారు సార్ అని ఏడ్చాడు. మా బావమరిది పదిమందితో వెళ్దామంటాడు, మా ఆవిడ పోనీలెండి అంటుంది. ఆదివారం అమ్మాయి పెళ్లి మాటలకు ఒంగోలు వెళ్లాలి, కారు కావాలి. రీడింగు 41 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది, గురువారం రాత్రి ఎనిమిదింటికి వెంకటాచలం టోల్‌గేటులో ఫాస్టాగ్ డబ్బులు కూడా కట్టయ్యాయి, అవి కూడా వాళ్లనే అడగాలా? ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టకండి. ఇన్సూరెన్సు ఫారం మీద వద్దు, 'పని తృప్తికరంగా ఉంది' అని రాసుండే డెలివరీ కాగితం మీద వద్దు, తర్వాత మేం నింపుకుంటాం సార్ అని ఇచ్చే ఖాళీ కాగితం మీద అసలే వద్దు. ఇదొక్కటి ఖాయం చేసుకుంటే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరంలో అసలు సంగతిని చిట్టచివర పెట్టారు, అదీ ఏదో చిల్లర లెక్కలాగా. ఫాస్టాగ్ డబ్బులు వాళ్లనడగాలా అని! ఆ మెసేజ్‌ను జాగ్రత్త చేయండి సామీ, స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఇంకో ఇద్దరి ఫోన్లకు పంపి పెట్టండి, బ్యాంకు యాప్‌లో ఆ రోజు ఫాస్టాగ్ స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చేసుకోండి. నేను తొమ్మిదేళ్లు ఒంగోలులో ఒక షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేశాను. ఏసీ కంప్లయింటుకు రోడ్ టెస్టంటే నాలుగైదు కిలోమీటర్లు, మహా అయితే పది. అది కూడా మిట్టమధ్యాహ్నం చేస్తారు, ఏసీ సంగతి తేలేది ఎండలోనే కదా. రాత్రి ఎనిమిదింటికి హైవే ఎక్కి, టోల్ కట్టి, వెంకటాచలం దాకా పోయి ఏసీ చూసొచ్చే మెకానిక్‌ను నేనైతే ఇంతవరకు చూడలేదు. ఎవరో సొంత పని మీద మీ కారు వేసుకుని పోయారు. ఇంటికి పోయారో, చుట్టాల దగ్గరికో, బిర్యానీకో మీకు అనవసరం. అది చెప్పుకోవాల్సిన బాధ్యత వాళ్లది. ఆటో కథ, స్తంభం కథ రెండూ విని బుర్ర పాడుచేసుకోకండి, రెండూ అబద్ధం కావచ్చు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, బండిని షోరూమ్‌కు ఇవ్వడాన్ని చట్టంలో బెయిల్‌మెంట్ అంటారు, మన మాటల్లో అప్పగింత. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే దీని లెక్కంతా ఉంది. 151వ సెక్షను ప్రకారం అప్పగించిన వస్తువును తీసుకున్నవాడు, బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. వస్తువు వాళ్ల చేతిలో ఉండగా పాడైతే, ఎవరు కొట్టారు ఎలా కొట్టారు అని మీరు తేల్చక్కర్లేదు, మేం జాగ్రత్తగానే చూశాం అని వాళ్లే రుజువు చేసుకోవాలి. మామూలు కేసుల్లో ఇక్కడితో సరిపోతుంది. మీది ఇంకో మెట్టు పైన ఉంది, అందుకు 154వ సెక్షను. ఒప్పుకున్న పనికి కాకుండా వేరే పనికి ఆ వస్తువును వాడితే, ఆ వాడకంలో జరిగిన నష్టమంతా వాడినవాడిదే, జాగ్రత్తగా వాడినా సరే. ఆ సెక్షను కింద చట్టం రాసినవాళ్లే ఒక ఉదాహరణ ఇచ్చారు, నాకు భలే ఇష్టం అది. ఒకాయన కలకత్తాలో కాశీకి వెళ్తానని చెప్పి గుర్రం బాడుగకు తీసుకుంటాడు. ఎంతో జాగ్రత్తగానే స్వారీ చేస్తాడు గానీ కాశీకి కాకుండా కటక్ వెళ్తాడు. దారిలో గుర్రం అనుకోకుండా పడి దెబ్బ తగిలించుకుంటుంది. నా తప్పేం లేదు అంటే కుదరదు, నష్టం ఆయనే కట్టాలి. మీ కారు ఆ గుర్రమే, వెంకటాచలమే కటక్. నిజంగా ఆటోవాడే వచ్చి గుద్దినా సరే, ఆ కారు ఆ టైములో షోరూమ్‌లో ఉండాల్సింది గానీ ఆ రోడ్డు మీద కాదు.

ఇక ఫొటోలు తీయలేదని బాధపడుతున్నారు. మీ చేతిలో ఉన్న జాబ్ కార్డు కాపీ ఒకసారి తిప్పి చూడండి. చాలా షోరూముల కార్డుల్లో ఒక కారు బొమ్మ ఉంటుంది, బండి తీసుకునేటప్పుడు అడ్వైజర్ చుట్టూ తిరిగి ఉన్న సొట్టలూ గీతలూ దాని మీద గుర్తు పెడతాడు. రేపు కస్టమర్ 'మీరే కొట్టారు' అనకుండా షోరూమ్‌ను కాపాడటానికి పెట్టిన బొమ్మ అది. మీ కార్డులో ఎడమ వెనక వైపు ఏ గుర్తూ లేకపోతే, బండి బాగున్నప్పుడే తీసుకున్నామని వాళ్ల చేత్తో వాళ్లే రాసిచ్చినట్టు. దాని పక్కనే కిలోమీటర్ల రీడింగు ఉంటుంది, డీజిలో పెట్రోలో ఎంతుందో కూడా ఉంటుంది. ఇప్పుడే వెళ్లి మీటరు ఫొటో తీయండి, బండి అక్కడే ఉంది కాబట్టి ఇంకా తిరగొచ్చు. మీ దగ్గర కాపీ లేకపోతే ఏదో మామూలుగా అడిగినట్టు అడిగి తీసుకోండి, కొత్తగా ప్రింటు తీసిస్తామంటే మాత్రం వద్దు, మీరు సంతకం పెట్టిన పాతదే కావాలనండి.

యజమాని రిస్కు అని అచ్చేసిన లైనుకు భయపడకండి. 1998లో ఢిల్లీలో ఒకాయన హోటల్‌కు వెళ్లి తన మారుతి జెన్ తాళాలు అక్కడి సిబ్బందికిచ్చాడు, కారు దొంగలెత్తుకుపోయారు. హోటల్ వాళ్లు పార్కింగ్ స్లిప్పు చూపించారు, దాని మీద ఇదే మాట, ఓనర్స్ రిస్క్. ఆ కేసు నడిచి నడిచి 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, బండి మీ చేతికిచ్చాక మీ అజాగ్రత్త వల్ల జరిగినదాన్ని ఒక స్లిప్పు మీద అచ్చేసి తప్పించుకోలేరు అని. తాజ్ మహల్ హోటల్ కేసు అంటే ఏ వకీలైనా వెతికి తీస్తాడు. ఆ కేసు పెట్టినవాళ్లలో కారు యజమానితో పాటు ఇన్సూరెన్సు కంపెనీ కూడా ఉంది, అంటే ముందు యజమానికి డబ్బు కట్టి, తర్వాత హోటల్ వెంట పడింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇన్సూరెన్సు దగ్గరికే వస్తున్నాం.

"మీకు పైసా ఖర్చుండదు" అనే మాట నేనూ వందసార్లు చెప్పి ఉంటాను. అందులో ఉన్న మోసం చూడండి. క్లెయిమ్ ఫారంలో ప్రమాదం ఎలా జరిగిందో రాసే గడి ఒకటుంటుంది. అక్కడ వాళ్లు 'సర్వీసులో ఉండగా మా వాళ్లు వెంకటాచలం తీసుకెళ్లి కొట్టారు' అని రాయరు, 'యజమాని పార్కింగ్ చేస్తుండగా స్తంభం తగిలింది' అని రాస్తారు. నేను అలాగే రాసేవాణ్ని, సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి. కింద సంతకం మాత్రం మీది. రేపు ఇన్సూరెన్సు తరఫున నష్టం చూడటానికొచ్చే సర్వేయర్‌కు అనుమానమొచ్చి లాగితే ఇన్సూరెన్సు కంపెనీకి అబద్ధం చెప్పింది మీరవుతారు.

డబ్బు లెక్క కూడా వేద్దాం. నాలుగో ఏడు, ఇంతవరకు క్లెయిమ్ లేదు అంటే ఈ ఏడు పాలసీలో మీకు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 35 శాతం పడి ఉండాలి, వచ్చే రెన్యువల్‌కు 45, ఆ తర్వాత 50. మీ ఓన్ డ్యామేజి ప్రీమియం (మన బండికి తగిలే దెబ్బల కోసం కట్టే భాగం) 9,000 అనుకోండి, ఏటేటా కాస్త మారుతుంది గానీ లెక్క కోసం అంతే ఉంచుదాం. వచ్చే మూడేళ్లలో మీకు తగ్గేది 4,050, 4,500, 4,500, కలిపి 13,050. ఇప్పుడు క్లెయిమ్ పడితే వచ్చే ఏడు సున్నా, ఆపై ఏడు 20 శాతం, ఆ తర్వాత 25, కలిపితే 4,050. అంటే వాళ్లు కొట్టిన సొట్టకు మీ జేబులోంచి 9,000 పోతుంది, మీకు తెలియకుండా వాయిదాల్లో. ఇదికాక ప్రతి క్లెయిమ్‌కు తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సింది 1500 సీసీ లోపు కారుకు 1,000, ఆపైన అయితే 2,000. తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ తీసుకోకపోతే నాలుగో ఏట ఇనుప భాగాలకు 25 శాతం, ప్లాస్టిక్‌కు సగం తరుగు కూడా మీ నెత్తినే. అవన్నీ మేం చూసుకుంటాం అంటారు, చూసుకుంటారేమో కూడా. బోనస్ మాత్రం ఎవరూ తిరిగివ్వరు. ఆ వచ్చే ఫ్రీ సర్వీసంటారా, లేబరు మాఫీ చేసి ఆయిలూ ఫిల్టర్లకు బిల్లు వేస్తారు, చూస్తూ ఉండండి. కస్టమర్ల బళ్లకు దెబ్బ తగిలితే ఆదుకునేందుకు గ్యారేజీలకు వేరే పాలసీ దొరుకుతుంది. వాళ్లు తీసుకుని ఉంటే దాంట్లో పెట్టుకోమనండి, లేకపోతే వాళ్ల గల్లాపెట్టెలోంచి ఇస్తారు.

డ్యామేజి మరీ పెద్దదై, షోరూమ్ అడ్డం తిరిగితే అప్పుడు ఇన్సూరెన్సుకు వెళ్లండి. జరిగింది జరిగినట్టు రాసి వెళ్లండి. ఢిల్లీ కేసులో లాగా వాళ్లే షోరూమ్ నుంచి రాబట్టుకునే దారి వాళ్లకుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది అంత దూరం వెళ్లే సొట్టలా అనిపించడం లేదు.

మీరు అడగనిది ఒకటి ఉంది, నాకు అన్నిటికంటే టెన్షన్ అదే. ఆ రాత్రి రోడ్డు మీద ఎవరికైనా తగిలిందా? ఆటో అన్నాడు కదా అడ్వైజర్. అందులో మనుషులుంటే? ఆర్సీ మీ పేరు మీదుంది. ఎవరికైనా దెబ్బ తగిలి కేసైతే నోటీసు కావలిలో మీ ఇంటికే వస్తుంది. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు కట్టి, ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకుంటానని కూర్చునే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఆ టైములో ఎవరు నడిపారు, లైసెన్సు ఉందా, ఇంకో బండికి గానీ మనిషికి గానీ ఏమైనా అయిందా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగాల్సిందే. అయిందని ఏ మాత్రం అనుమానమొచ్చినా అప్పుడు పోలీస్ స్టేషనుకు వెళ్లి కారు నా దగ్గర లేదని జాబ్ కార్డు చూపించి రాసిచ్చి రండి. అలాంటిదేం లేకపోతే స్టేషను గొడవ ఎందుకులెండి, ఎలాగూ సివిల్ మ్యాటర్ అని పంపించేస్తారు.

రాయడమంటే పెద్ద లీగల్ భాష అక్కర్లేదు. ఇలా చాలు: "ఫలానా తేదీన ఫలానా నంబరు జాబ్ కార్డు మీద నా కారు మీకు అప్పగించాను. అప్పుడు రీడింగు ఇంత, ఇప్పుడు ఇంత. ఆ రోజు రాత్రి ఫలానా టైముకు కారు వెంకటాచలం టోల్ దాటినట్టు ఫాస్టాగ్ రికార్డుంది. కారు ఎడమ వెనక డోరు, క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం మీది రేకు) దెబ్బతిన్నాయి. ఎవరు, ఎందుకు, ఎవరి అనుమతితో తీసుకెళ్లారో తెలపండి. గురు, శుక్రవారాల సీసీ కెమెరా రికార్డు, గేటు రిజిస్టరు, టెస్ట్ డ్రైవ్ రిజిస్టరు చెరపకుండా భద్రపరచండి. నా ఇన్సూరెన్సు వాడకుండా మీ ఖర్చుతో బాగు చేసి, టోల్, ఇంధనం, కారు లేని రోజుల ట్యాక్సీ ఖర్చు 15 రోజుల్లో ఇవ్వగలరు." ఇది షోరూమ్ ఈమెయిల్‌కు పంపండి, కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కు కాపీ పెట్టండి, వాట్సాప్‌లో మేనేజరుకు పంపండి, ఒక కాగితం స్పీడ్ పోస్టులో వేసి రసీదు దాచుకోండి. ఇవాళే. సీసీ కెమెరాల్లో పాతదాని మీద కొత్తది పడిపోతూ ఉంటుంది, వాళ్లు కావాలని చెరపాల్సిన పని కూడా లేదు, మీరు ఆలస్యం చేస్తే చాలు. కంపెనీ వాళ్లు 'డీలర్ వేరు మేం వేరు' అని జవాబిస్తారు, ఇచ్చుకోనివ్వండి, పైనుంచి ఏరియా సర్వీస్ మేనేజర్ ఒక ఫోన్ కొడితే షోరూమ్‌లో మాట తీరే మారిపోతుంది. నాకు అనుభవం.

కుర్రాడి సంగతి. మా షోరూమ్‌లో ఒకసారి ట్రైనీ ఒకడు వాషింగ్ దగ్గర కొత్త కారు డోరు గీశాడు. మేం పాలిష్ కొట్టి, చీకటి పడ్డాక డెలివరీ ఇచ్చాం. మర్నాడు పొద్దున కస్టమర్ ఎండలో చూసుకుని వచ్చాడు, పెద్ద గొడవైంది, చివరికి మూడు నెలలు ఆ పిల్లాడి జీతంలో కోశారు. చీకట్లో ఇవ్వమన్న మేనేజరుకూ ఏం కాలేదు, ఇచ్చిన నాకూ ఏం కాలేదు, నేను నోరు మెదపలేదు. అందుకని ఆ ఏడుపు ఎలాంటిదో నాకు తెలుసు, అది నిజమైనదే అయ్యుంటుంది. కానీ ఒకటి ఆలోచించండి. సాయంత్రం పని అయ్యాక కస్టమర్ల తాళాలు కీ బోర్డుకో, సూపర్‌వైజర్ సొరుగులోకో వెళ్తాయి. రాత్రి ఎనిమిదింటికి ట్రైనీ చేతికి తాళం ఎలా వచ్చింది? నడిపింది అతనే కాకపోవచ్చు, మీ దగ్గరికి పంపింది ఇంకెవరో కావచ్చు. మీ ఉత్తరంలో అతని పేరు రాయకండి, మీ కారు అప్పగించింది షోరూమ్‌కు, అడగాల్సింది షోరూమ్‌నే, వాళ్ల మనిషి చేసిందానికి వాళ్లే జవాబుదారీ. కావాలంటే చివర్లో ఒక వాక్యం కలపండి, విచారణ చేయకుండా కింది ఉద్యోగి జీతంలో కోసి చేతులు దులుపుకోవద్దని. సంజాయిషీ అడగకుండా అలా కోయడానికి చట్టం కూడా ఒప్పుకోదు. మీరు ఊరుకున్నంత మాత్రాన ఆ పిల్లాడు బతికిపోడు, కోయాలనుకుంటే ఎలాగైనా కోస్తారు.

మీ బావమరిదిని ఇంట్లోనే ఉంచండి. పదిమంది వెళ్లి అరిస్తే రికార్డయ్యేది అదే, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ ఫాస్టాగ్ మెసేజ్‌కు పోటీగా ఆ వీడియో పెడతారు. ఒక్కరే వెళ్లకండి గానీ నెమ్మదైన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి.

రిపేరుకు ఒప్పుకుంటే (ఒప్పుకుంటారనే నా నమ్మకం, టోల్ మెసేజ్ చూశాక చాలామంది దిగొస్తారు) కొత్త భాగాలే వేయాలని మొండిపట్టు పట్టకండి. డోరు బోల్టులతో ఊడొచ్చేది, బాగా నలిగితే కొత్తది అడగండి. క్వార్టర్ ప్యానెల్ అలా కాదు, అది బాడీతో కలిపి వెల్డింగ్ చేసి ఉంటుంది, కొత్తది వేయాలంటే కోసి అతికించాలి. కోసిన చోట తర్వాత తుప్పు, నీళ్లు కారడం, అమ్మేటప్పుడు చూసేవాడి అనుమానం, ఇన్ని ఉన్నాయి. రేకు చిరగకపోతే లాగి సరిచేయించడమే మేలు, పుట్టీ మాత్రం పల్చగా ఉండాలి. పెయింట్ మందం చూసే మీటరు బాడీషాపులో ఉంటుంది, కంపెనీ పెయింట్ 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర చూపిస్తుంది, పుట్టీ దట్టించిన చోట ఐదారు వందలు దాటుతుంది. మీటరు లేదంటే ఫ్రిజ్‌కు అంటించే పల్చటి అయస్కాంతం బొమ్మ పట్టుకెళ్లండి, పుట్టీ ఎక్కువున్న చోట అంటకుండా జారిపోతుంది, వాళ్ల మొహాలు చూడాలి అప్పుడు. డెలివరీ పగలే తీసుకోండి. రంగు తేడా ట్యూబులైట్ కింద కనపడదు. వెనక అద్దం ఎక్కించి దించండి, డిక్కీలో తడి ఉందేమో చూడండి, దెబ్బ చక్రం దాకా వచ్చి ఉండొచ్చు కాబట్టి అలైన్‌మెంట్ రిపోర్టు అడగండి. చేసిన పనికి వారంటీ రాసిమ్మనండి.

15 రోజుల్లో కదలకపోతే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. అప్పటికీ లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోట వేసుకోవచ్చు, మీకు ఎలాగూ నెల్లూరే. ఒంగోలులో ఉండి చెన్నైలో బండి సర్వీసుకిచ్చినవాళ్లు కూడా ఒంగోలులోనే వేయొచ్చు, చెన్నై తిరగక్కర్లేదు. మీరు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంటుంది, నిజంగా అంతకంటే ఎక్కువే పడుతుంది, అందుకే ముందు ఉత్తరంతో తేలితే తేల్చుకోండి అంటున్నాను.

మీ ఆవిడ పోనీలెండి అన్నది సొట్ట చూసి అయ్యుంటుంది. టోల్ మెసేజ్ చూపించి మళ్లీ అడగండి.

ఆదివారం ప్రయాణానికి కారు తెచ్చుకోండి, ఆపుకోవద్దు. ముందు నాలుగు టైర్లూ, బ్రేకులూ, ఆ ఎడమ వెనక చక్రం బాడీకి రాసుకుంటోందేమో చూసుకుని, చుట్టూ వీడియో తీసి, గేట్ పాస్ మీద మీ చేత్తో 'ఎడమ వెనక డోరు, క్వార్టర్ ప్యానెల్ దెబ్బతిన్న స్థితిలో, నా అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి తేదీ వేయండి. రాయనివ్వకపోతే బయటికొచ్చి అదే మాట వాట్సాప్‌లో పంపండి. వియ్యాలవారు సొట్ట చూసి ఏమైనా అనుకుంటారని మొహమాటపడకండి, జరిగింది చెప్పండి, ఒంగోలువాళ్లలో సర్వీసుకిచ్చి తిప్పలు పడనివాళ్లు ఎవరున్నారు. అన్నట్టు, వెంకటాచలం పోయినవాడు తిరిగొచ్చాడు కదా, ఆ రెండో టోల్ మెసేజ్ మీరు రాయలేదు. అది ఎన్నింటికొచ్చిందో చూసి నాకు పంపండి.